హోమానికి ఏ నెయ్యి వాడాలి? అసలు నెయ్యే ఎందుకు?

అమ్మా, మీరు అడిగిన సంగతులు ముందు ఒకచోట పెడతాను. వచ్చే నెల హైదరాబాదులో మీ కొత్త ఫ్లాటు గృహప్రవేశం. గణపతి హోమం, నవగ్రహ హోమం పెట్టుకున్నారు. మీ పంతులుగారు రాసిచ్చిన జాబితాలో ఆవు నెయ్యి 2 కిలోలు అని ఉంది. పూజాసామగ్రి కొట్లో 'పూజ నెయ్యి' పేరుతో చవకగా డబ్బాలు దొరుకుతున్నాయి. "ఎలాగూ మంటలో కాలిపోయేదే కదా, అది చాలు వదినా" అని మీ ఆడపడుచు అంటున్నారు. నూనెతో చేయకూడదా అని మీకు అనుమానం. తినే వస్తువుని నిప్పులో ఎందుకు పోస్తారమ్మా అని మీ అబ్బాయి అడిగాడు.

అన్నిట్లోకీ అబ్బాయి ప్రశ్న గొప్పది. దానికి జవాబు తెలిస్తే డబ్బా సంగతి, నూనె సంగతి వాటంతటవే తేలిపోతాయి. నేను గోదావరి జిల్లాలో పుట్టినవాణ్ణి. కృష్ణయజుర్వేదం, ఆపస్తంబ సూత్రం. ముప్పై ఎనిమిదేళ్లుగా పౌరోహిత్యం చేస్తున్నాను. తెలిసినంత చెబుతాను.

ముందు డబ్బా సంగతి. కొనకండి. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. చాలా డబ్బాల మీద 'దీపారాధనకు మాత్రమే, తినడానికి పనికిరాదు' అని ఉంటుంది. హోమంలో అగ్ని దేవతలకు నోరు. మేం హోమానికి ముందు చేసే తంత్రానికి 'అగ్నిముఖం' అనే పేరు. మీ అబ్బాయి విస్తట్లో వేయడానికి మీరు ఒప్పుకోని పదార్థాన్ని దేవతల నోట్లో ఎలా వేస్తాం? "కాలిపోయేదే కదా" అన్న మాట దగ్గరే పొరపాటు మొదలవుతోంది. అక్కడ కాలడం లేదమ్మా, వడ్డన జరుగుతోంది.

వడ్డన అనే మాట అలంకారానికి వాడలేదు. హోమంలో అన్నం వేసేటప్పుడు చూడండి. దర్వి అంటే హోమపు గరిటె. అందులో ముందు కాస్త నెయ్యి వేస్తాం, అది ఉపస్తరణం. దాని మీద హవిస్సు, అంటే అగ్నికి అర్పించే అన్నం పెడతాం. మళ్లీ పైన నెయ్యి వేస్తాం, అది అభిఘారణం. పెళ్లిలో లాజహోమం గుర్తు తెచ్చుకోండి. పెళ్లికూతురి దోసిట్లో ముందు నెయ్యి, తర్వాత అన్నదమ్ముడు పోసే పేలాలు, ఆ పైన మళ్లీ నెయ్యి. ఇప్పుడు మీ అమ్మగారింట్లో పండగ భోజనం గుర్తు తెచ్చుకోండి. విస్తరి వేసి, నేతి చుక్క చిలకరించి, అన్నం పప్పు వడ్డించి, పైన మళ్లీ నెయ్యి. "అభికరించారా?" అని పెద్దవాళ్లు అడిగేది ఈ అభిఘారాన్నే. హోమకుండానికీ మన విస్తరికీ వడ్డన పద్ధతి ఒకటే. మనం తినే ముందు ఆపోశనం పడుతూ 'అమృతోపస్తరణమసి' అంటాం, అందులోని ఉపస్తరణం కూడా ఇదే మాట.

నెయ్యే ఎందుకంటే, వేదం దాన్ని మామూలు పదార్థంగా చూడలేదు. ఋగ్వేదం నాలుగో మండలంలో 58వ సూక్తం పూర్తిగా ఘృతం మీదే ఉంది. వామదేవుడు ఋషి. మొదటి ఋక్కులోనే అంటాడు: 'ఘృతస్య నామ గుహ్యం యదస్తి జిహ్వా దేవానామమృతస్య నాభిః.' నేతికి ఒక రహస్యమైన పేరు ఉందట. అది దేవతల నాలుక, అమృతానికి బొడ్డు. ఈ ఒక్క మాట మీద నేను ఎన్ని ఉదయాలు కూర్చున్నానో చెప్పలేను. నెయ్యి పడగానే అగ్ని నాలుక చాపినట్టు పైకి లేస్తుంది చూడండి, ఆ లేచే జ్వాలని చూసి పలికిన మాట అది. పురుషసూక్తంలో దేవతలు చేసిన మొదటి యజ్ఞానికి నెయ్యి ఏదో తెలుసా? 'వసంతో అస్యాసీదాజ్యం.' వసంత ఋతువే ఆజ్యం, గ్రీష్మం సమిధలు, శరత్తు హవిస్సు. చిగురు వేసే కాలాన్ని నేతితో పోల్చారు. గీతలో తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు యజ్ఞంలోని వస్తువులన్నీ తానే అని చెబుతూ 'మంత్రోఽహమహమేవాజ్యం' అంటాడు. మంత్రం నేను, ఆజ్యం నేనే.

మాటల దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను, నాకిష్టమైన చోటు ఇది. ఘృతం అనే మాట 'ఘృ' ధాతువు నుంచి వచ్చింది. కారడం, వెలగడం అని రెండర్థాలు. ద్రవమై కారుతుంది, నిప్పు తగిలితే వెలుగుతుంది. నేతికి ఆ రెండే కదా పనులు. కరిగితే ఆజ్యం, పేరుకుంటే ఘృతం అని పెద్దలు తేడా చెప్పారు. ఐతరేయ బ్రాహ్మణం ఇంకా ముచ్చటగా పంచింది: ఆజ్యం దేవతలది, ఘృతం మనుషులది, సగం కరిగిన ఆయుతం పితృదేవతలది, నవనీతం అంటే వెన్న గర్భంలో ఉన్న శిశువులది. అందుకే సోమయాగంలో దీక్ష తీసుకునేవాడికి ఒంటికి వెన్న రాస్తారు. దీక్షలో అతను మళ్లీ గర్భస్థ శిశువు అవుతాడు మరి. ఇక మన తెలుగులో నెయ్యి అంటే పూర్వం ఏ చమురైనా నెయ్యే. నువ్వుల నెయ్యి 'నూనె' అయింది. అంటే నూనెకి కూడా నెయ్యే పుట్టిల్లు.

ఇప్పుడు అబ్బాయికి చెప్పవలసిన అసలు సంగతి. పాలలో నెయ్యి ఉంటుంది, కంటికి కనిపించదు. తోడు పెట్టాలి, చిలకాలి, వెన్న తీయాలి, కాచాలి. అమృతబిందూపనిషత్తు 'ఘృతమివ పయసి నిగూఢం' అంటుంది. పాలలో నేతిలా ప్రతి ప్రాణిలో జ్ఞానం దాగి ఉంది, మనసనే కవ్వంతో ఎప్పుడూ చిలుకుతూ ఉండాలి అని. శ్వేతాశ్వతరంలో 'తిలేషు తైలం దధినీవ సర్పిః' అన్నదీ అదే. అడవిలో కోసిన పువ్వు దేవుడిచ్చింది దేవుడికివ్వడం. నెయ్యి అలా కాదు. ఆవు, గడ్డి, ఎండ, వాన, ఇంటి ఇల్లాలి రెండు మూడు రోజుల కష్టం అన్నీ కలిస్తే ఒక గిన్నెడు వస్తుంది. ఇంట్లో ఉన్న అన్నిట్లోకీ సారమైనది తీసి 'ఇదం న మమ', ఇది నాది కాదు అని వదలడమే హోమం. ఏ విలువా లేనిదాన్ని 'నాది కాదు' అంటే అందులో త్యాగమేముంది?

పదార్థం సంగతి కూడా చెబుతాను. వెన్నలో ఆరోవంతు దాకా నీళ్లుంటాయి. నిప్పులో వేస్తే చిటపటలాడి చిందుతుంది. కాచిన నేతిలో తేమ నూటికి అర పాలు దాటకూడదు, ఇప్పటి ఆహార నిబంధన కూడా అదే. నీరు పోయి, పాల విరుగుడు గసిగా అడుక్కి చేరి, పైన తేటగా మిగిలింది కాబట్టే నెయ్యి నెలల తరబడి పాడవకుండా నిలుస్తుంది. మంటలో పొగ రాకుండా వెలుగుతుంది. దాదాపు 250 డిగ్రీల వేడి దాకా నెయ్యి పొగ చిమ్మదు. నూనెల్లో చాలావాటికి ఆ ఓర్పు లేదు. ఇంట్లో వెన్న కాచేటప్పుడు శబ్దం వినండి. మొదట గలగలమంటుంది, తర్వాత సన్నటి చిటపట, చివరికి ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం రాగానే మా అమ్మ పొయ్యి కట్టేసేది. క్షణం ఆలస్యమైతే గసి మాడి నెయ్యి నల్లబడుతుందని చెప్పేది. చల్లారాక పూసకట్టిన నేతిని చూస్తే ఇంట్లో పండగ వచ్చినట్టుండేది.

ఇక హోమంలో నేతికి చేసే సంస్కారం. మీరు పీటల మీద కూర్చుని చూస్తారు కాబట్టి ముందే తెలిస్తే మంచిది. ఆపస్తంబుడు గృహ్యసూత్రంలో దీన్నంతా ఒకే ఒక్క పొడుగాటి సూత్రంలో చెప్పాడు. నెయ్యి కరిగిస్తాం. అగ్నికి పడమటి వైపు ఆజ్యస్థాలి, అంటే నేతి గిన్నె పెట్టి, దాని మీద రెండు దర్భల పవిత్రం అడ్డం ఉంచి, నేతిని దాని మీదుగా పోస్తాం. కుండంలోంచి కొన్ని నిప్పులు ఉత్తరానికి జరిపి, గిన్నెని వాటి మీద ఉంచుతాం. వెలిగించిన దర్భని పైన చూపిస్తాం. రెండు దర్భకొసలు తుంచి అందులో వేస్తాం. నిప్పుని గిన్నె చుట్టూ మూడుసార్లు తిప్పుతాం. గిన్నెని ఉత్తరంగా దించి, నిప్పుల్ని తిరిగి కుండంలోకి తోస్తాం. అప్పుడు కొసలు ఉత్తరానికి ఉండేలా పవిత్రం రెండు చేతులతో పట్టుకుని, నేతిలో ముందుకీ వెనక్కీ మూడుసార్లు కదుపుతాం. చివరికి ఆ పవిత్రాన్ని అగ్నిలో వేస్తాం. ఆ కదిపే పనికి ఉత్పవనం అని పేరు. 'శుక్రమసి జ్యోతిరసి తేజోఽసి' అనే యజుర్వేద మంత్రం ఆజ్యానిది. నువ్వు కాంతివి, జ్యోతివి, తేజస్సువి అని. చిల్లులు లేని జల్లెడతో, సూర్యకిరణాలతో సవిత నిన్ను శుద్ధి చేయుగాక అని తర్వాతి మాట. మీ ఇంట్లో పంచామృతాభిషేకంలో నెయ్యి పోసేటప్పుడు చదివేదీ ఇదే మంత్రం. పాలకి 'ఆప్యాయస్వ', పెరుగుకి 'దధిక్రావ్ణో', తేనెకి 'మధువాతా', నేతికి 'శుక్రమసి'.

అన్నిట్లోకీ నా మనసుకి దగ్గరైనది శ్రౌతంలో, అంటే వేదంలో చెప్పిన పెద్ద యజ్ఞాల పద్ధతిలో ఉంది. అమావాస్యకీ పున్నమికీ చేసే దర్శపూర్ణమాసేష్టిలో యజమాని భార్య ఆ ఆజ్యాన్ని కళ్లారా చూడాలి. అప్పటి మంత్రం తైత్తిరీయ సంహితలో ఉంది: 'మహీనాం పయోఽస్యోషధీనాం రసోఽదబ్ధేన త్వా చక్షుషాఽవేక్షే సుప్రజాస్త్వాయ.' నువ్వు ఆవుల పాలవి, మొక్కల రసానివి, మోసపోని కంటితో నిన్ను చూస్తున్నాను, మంచి సంతానం కోసం. మోసపోని కన్ను అన్నది గమనించండి. మన గృహ్య హోమాల్లో ఇది విధి కాదు. అయినా నేను పదేళ్లుగా ప్రతి ఇంట్లో ఆజ్యస్థాలి ఇల్లాలికి చూపించి గాని మొదటి ఆహుతి వేయించడం లేదు. దానికొక కారణం ఉంది.

ఒక అపార్టుమెంటులో గృహప్రవేశం. తెల్లవారుజామున నాలుగున్నర ముహూర్తం. సామాన్లన్నీ ఎవరో బంధువులు తెచ్చారు. నేను సీసా మూత తీసి చూడకుండానే నెయ్యి గిన్నెలో వంపించాను. నిప్పుల మీద పెట్టగానే తెల్లగా నురగ కట్టింది. పవిత్రంతో కదిపితే దర్భలకి జిడ్డుగా అంటుకుని తీగ సాగింది. మొదటి ఆహుతికి నల్లటి పొగ. నాలుగు సార్లు బజ్జీలు వేసిన నూనె వాసన గదంతా. పక్కన కూర్చున్న ఇల్లాలు గిన్నెలోకి తొంగిచూసి, "పంతులుగారూ, ఇది నెయ్యి కాదండీ" అంది మెల్లగా. ఆమెకి మంత్రం తెలియదు. కన్ను మాత్రం మోసపోలేదు. అక్కడికి ఆపేశాను. కింది అంతస్తులో ఒకావిడ ఇంట్లో కాచుకున్న నెయ్యి గాజుసీసాతో తెచ్చిచ్చింది, పావుకిలో కూడా ఉండదు. గిన్నె కడిగి, ఆజ్యసంస్కారం మళ్లీ మొదటినుంచి చేసి, ఆహుతులు తగ్గించి ఆ పావుకిలోతోనే పూర్తి చేశాం. ఆ నెయ్యి పడగానే లేచిన జ్వాల ఇప్పటికీ నా కళ్లలో ఉంది. పొగ లేదు. గది నిండా కమ్మటి వాసన. తప్పు ముందు నాది, చూడవలసినవాణ్ణి చూడలేదు. ఆ ఇల్లాలికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

పావుకిలోతో ఎలా సరిపోయింది అంటారా? నెయ్యి వేసే చెక్క గరిటెని స్రువం అంటాం. దానికి ఉండే గుంట బొటనవేలి కణుపంత ఉండాలని శాస్త్రం. ఒక ఆహుతికి పట్టేది అంతే. 108 ఆహుతులు వేసినా అర కిలో దాటదు. మీ పంతులుగారు 2 కిలోలు రాశారంటే భోజనాలకీ దీపాలకీ కలిపి రాసి ఉండవచ్చు, అడిగి చూడండి. ఒట్టి హోమానికే అయితే ముప్పావు కిలో అసలైన ఆవు నెయ్యి చాలని, కల్తీది రెండు కిలోల కంటే అదే మేలని ఆయనతో మర్యాదగా చెప్పండి. తెలిసిన పురోహితుడెవరూ కాదనరు. పళ్లెం నిండా పోస్తేనే పుణ్యమనుకునేవాళ్లకి భారతంలో శ్వేతకి కథ చెబుతుంటాను. ఆ రాజు పన్నెండేళ్లు ఎడతెగకుండా నేతిధార పోయించాడు. పాపం అగ్నిహోత్రుడికి అజీర్ణం చేసి, తేజస్సు తగ్గి, బ్రహ్మ దగ్గరకు వెళ్లి మొరపెట్టుకున్నాడు. ఖాండవవనం తింటే గాని ఆ రోగం కుదరలేదు. ఎడతెగని ధారకి శాస్త్రం ఇచ్చిన చోటు వేరే ఉంది. అది వసోర్ధార. రుద్రహోమం, చండీహోమం చివర చమకం చదువుతూ పోస్తారు. చమకం నాలుగో అనువాకంలో 'ఘృతం చ మే మధు చ మే' అని మనమే నెయ్యి అడుగుతాం కూడా. మీ గృహప్రవేశానికి దాని అవసరం లేదు.

ఆవు నెయ్యి దొరక్కపోతే? ప్రయోగగ్రంథాల్లో వరస చెప్పారు. గేదె నెయ్యి, మేక నెయ్యి, అవీ లేకపోతే చివరికి నువ్వుల నూనె. అంటే నూనెకి చోటు ఉంది, అది వరసలో ఆఖర్న. మీ రెండో అనుమానానికి జవాబు అదే. హైదరాబాదులో ఆవు నెయ్యి దొరకదనే పరిస్థితి లేదు గనక దాని దాకా వెళ్లక్కర్లేదు. ఆవు నెయ్యి పసుపుపచ్చగా ఉంటుంది, గేదె నెయ్యి తెల్లగా ఉంటుంది. గడ్డిలోని పసుపు రంగు పదార్థం ఆవు పాలలోకి నేరుగా వస్తుంది, గేదె దాన్ని విటమిన్‌గా మార్చేసుకుంటుంది. అంతకు మించి రహస్యం లేదు. రంగు కలిపినవీ ఉంటాయి గనక రంగొక్కటే చూసి నమ్మకండి.

ధర దగ్గర కాస్త లెక్క వేసుకోండి. ఆవు పాలలో వెన్నశాతం నాలుగు అనుకుంటే కిలో నేతికి 25 లీటర్లకి తక్కువ కాకుండా పాలు కావాలి. గేదె పాలైతే 15 లీటర్ల దాకా. లీటరు ఆవు పాలు 60 రూపాయలనుకున్నా పాల ఖరీదే 1500. డెయిరీల వాళ్లు మీగడ తీసి మిగతా పాలు వేరే అమ్ముకుంటారు కాబట్టి ఇంతకంటే తక్కువకి ఇవ్వగలరు. ఎంత తక్కువకి ఇచ్చినా కిలో 200, 300కి మాత్రం నెయ్యి రాదు. ఆ ధరకి వచ్చేది వనస్పతి, రంగు, వాసన. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నేతి మీద వార్తలు వచ్చినప్పుడు ఎంతమంది తల్లడిల్లారో మీకు తెలుసు. అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. ఆ విషయం నేను మాట్లాడను. ఆ రోజుల్లో మా వీధిలో అంత బాధపడినవాళ్లే తమ దేవుడి గూట్లో 'తినడానికి పనికిరాదు' అని రాసి ఉన్న డబ్బాతో దీపం పెడుతుంటే చూసి నేను ఆగలేకపోయాను, చెప్పాను. వాళ్లు విన్నారు కూడా.

దీపం సంగతి వచ్చింది గనక చెప్పేస్తాను. రోజూ దీపం దగ్గర మనం చదివే శ్లోకమే 'సాజ్యం త్రివర్తి సంయుక్తం' అని మొదలవుతుంది. సాజ్యం అంటే నేతితో కూడినది. నేతి దీపం దేవుడికి కుడివైపు, నూనె దీపం ఎడమవైపు పెట్టడం మన ఆచారం. రెండూ ఒకే ప్రమిదలో కలపరు. రోజూ నెయ్యి పెట్టే శక్తి లేకపోతే మంచి నువ్వుల నూనెతో పెట్టండి. ఏ దోషమూ లేదు. ఎన్నో గుళ్లలో నిత్యదీపం నువ్వుల నూనెదే. నకిలీ నేతి దీపం కంటే నికార్సైన నూనె దీపం వెయ్యిరెట్లు మేలు. నేతి దీపానికి నిలువు వత్తి కంటే పువ్వొత్తి బాగా కుదురుతుంది. ముందురాత్రే కరిగిన నేతిలో నానేసి పెట్టుకోండి. చలికాలం నెయ్యి పేరుకుని వత్తి కొండెక్కిపోతుంది కాబట్టి ప్రమిదని కాస్త వెచ్చచేసి వెలిగించండి. కార్తిక పౌర్ణమికి 365 వత్తులు వెలిగించేటప్పుడు కూడా నానింది సరిగా ఉంటేనే కట్ట అంతా ఒక్క జ్యోతిగా లేస్తుంది.

తమిళుల కార్తిక మాసంలో అరుణాచలం కొండ మీద మహాదీపం. 2668 అడుగుల ఎత్తున రాగి కొప్పెరలో దాదాపు 3500 కిలోల నెయ్యి పోసి వెలిగిస్తారు. చుట్టుపక్కల ఎన్నో మైళ్లకి కనిపిస్తుంది, పదకొండు రోజులు నిలుస్తుంది. మన తెలుగువాళ్లు ఇప్పుడు ఎంతమంది వెళుతున్నారో చెప్పక్కర్లేదు. కేరళలో త్రిస్సూరు వడక్కునాథుడి గుడిలో లింగం కనిపించదు. తరతరాలుగా అభిషేకం చేసిన నెయ్యి పేరుకుని గుట్టగా కప్పేసింది. భక్తులు మొక్కేది ఆ నేతి గుట్టకే, మంచుకొండగా భావించి. ఎండాకాలంలోనూ అది కరిగిపోదని వాళ్లు చెబుతారు.

శబరిమల ఇరుముడి మీరు చూసే ఉంటారు. మీ ఇంట్లో ఎవరైనా మాల వేసుకుని ఉంటే ఈసారి దగ్గర కూర్చుని చూడండి. కొబ్బరికాయ పీచు నున్నగా గీకి, ఒక కన్ను పొడిచి నీళ్లు వంపేస్తారు. గురుస్వామి చెబుతుండగా స్వామి సన్నటి ధారగా అందులో నెయ్యి పోస్తాడు. శరణు ఘోష సాగుతూనే ఉంటుంది. నిండాక బిరడా బిగించి మూసేస్తారు. 41 రోజుల దీక్ష అంతా ఆ కాయలోకి దిగినట్టుంటుంది. కాయ దేహం, నెయ్యి జీవుడు. కొండ మీద కాయ పగలగొట్టి నెయ్యి అయ్యప్పకి అభిషేకం చేస్తారు, చిప్పని ఆళి అనే అగ్నిగుండంలో వేస్తారు. దేహం అగ్నికి, జీవుడు దేవుడికి. నిరుడు మా మేనల్లుడు కాయ నింపుతూ ఒక్కసారిగా ఏడ్చేశాడు. వాళ్ల నాన్నగారు పోయి ఏడాది తిరిగిన కొత్త. ఎందుకురా అని ఎవరం అడగలేదు. గురుస్వామి చెయ్యి ఆపకుండా "పోయి నాయనా, పోయి" అని మాత్రం అన్నారు.

పుట్టుక దగ్గరా నెయ్యి ఉంది. జాతకర్మలో బంగారంతో తేనె, నెయ్యి శిశువుకి నాకించాలి. అన్నప్రాశనలో పెరుగు, తేనె, నెయ్యి కలిపిన అన్నం పెట్టాలి. ఏడాది లోపు పిల్లలకి తేనె పెట్టవద్దని వైద్యులు గట్టిగా చెబుతున్నారు గనక నేను ఇప్పుడు తేనె మానిపించి నేతితోనే చేయిస్తున్నాను. చివర కాష్ఠం మీద దేహానికీ నెయ్యే. శతపథ బ్రాహ్మణంలో ప్రళయం తర్వాత ఒంటరిగా మిగిలిన మనువు నీళ్లలో నెయ్యి, పెరుగు హోమం చేస్తే ఏడాదికి అందులోంచి ఇడ అనే కన్య లేచి వచ్చిందట. ఆమె అడుగు పెట్టిన చోటల్లా నెయ్యి ఊరిందట. మనుషుల వంశం మళ్లీ ఆమె నుంచే మొదలైంది.

అమెరికాలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. అక్కడ దుకాణంలో వెన్న కొని ఇంట్లో కాచుకోవడం తేలిక, నిశ్చింత కూడా. ఉప్పు లేని వెన్నే కొనండి. ఉప్పు, కారం తగిలినదాన్ని హోమం చేయకూడదని ఆపస్తంబుడి మాట. కాచేటప్పుడు తమలపాకు, మెంతులు, కరివేపాకు వేసే అలవాటు చాలామందికి ఉంది. వంటకి బాగుంటుంది గానీ హోమానికి తీసే నేతిలో ఏమీ వేయకండి.

ఇప్పుడు మీరు చేయవలసింది. ఒకే రకం ఆవు నెయ్యి సీసాలు రెండు కొనండి. ఒకటి వారం ముందే తెరిచి ఇంట్లో అన్నంలో వేసుకుని తినండి. కమ్మగా ఉంటే రెండోది మూత తీయకుండా హోమానికి ఉంచండి. హోమం రోజున దేవుడికి పెట్టబోయేదాన్ని వాసన చూడకూడదు, రుచి చూడకూడదు. పరీక్ష అంతా ముందే అయిపోవాలి. వీలుంటే ఇంట్లో కాచిన నెయ్యి ఒక్క గిన్నెడైనా అందులో కలపండి, మీ చేతిది. ఆ రోజున ఆజ్యం కరిగి గిన్నెలో తేటగా నిలిచినప్పుడు, మొదటి ఆహుతికి ముందు ఒకసారి చూస్తానని పంతులుగారిని అడగండి. సంతోషంగా చూపిస్తారు. వంగి చూస్తే అందులో మీ ముఖం కనిపిస్తుంది. పూర్ణాహుతి అయ్యాక భస్మం నేతితో రంగరించి నల్లటి రక్ష ఇస్తారు, ఇంటిల్లిపాదీ పెట్టుకోండి.

సీసాలో మిగిలిన నెయ్యి దాచకండి, అప్పుడే వంటింట్లోకి పంపండి. భోజనాలకి విస్తళ్లు వేసినప్పుడు నేతి గిన్నె మీ అబ్బాయి చేతికివ్వండి. అన్ని విస్తళ్లలోనూ మొదటి చుక్క వాడే వేయాలి. పొద్దున అగ్నికి వేసిన చెంచానీ మధ్యాహ్నం మనిషికి వేసిన చెంచానీ పక్కపక్కన చూసుకున్నాక, వాడికి ఇంకా అడగాలనిపిస్తే నాకు రాయమనండి.